వాలెస్ కరోథర్స్

పట్టుదారంలో, పత్తిపోగులో ఉన్న పదార్థ నిర్మాణం ఎటువంటిదో 1920 దశకంలో రసాయన శాస్త్రజ్ఞులకే తేటపడలేదు. చిన్న అణువులు ఏదో అంతుపట్టని శక్తితో గుమికూడి ఉన్నాయని పలువురు భావించేవారు. అవి సాధారణ బంధాలతో ఏర్పడిన పొడవైన గొలుసులని జర్మనీకి చెందిన హెర్మన్ స్టౌడింగర్ వాదించాడు. ఆ గొలుసులను తెలిసిన చర్యలతో ఒక్కొక్క మెట్టుగా నిర్మించి చూపిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు వాలెస్ హ్యూమ్ కరోథర్స్.

ఆయన 1896 ఏప్రిల్ 27న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో జన్మించాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం నుండి 1924లో డాక్టరేట్ పొంది, కొంతకాలం హార్వర్డ్‌లో బోధించాడు. 1928లో విల్మింగ్టన్‌లోని డ్యూపాంట్ పరిశోధనాలయంలో చేరాడు. యౌవనం నుండి వెంటాడుతున్న మనోవ్యాకులత వల్ల ఆ ఉద్యోగానికి మొదట వెనుకాడాడు.

ఆమ్లం, ఆల్కహాలు కలిస్తే ఎస్టర్, నీరు ఏర్పడతాయి. రెండు చివరలా చర్య జరపగల అణువులను తీసుకుంటే గొలుసు పెరుగుతూ పోవాలి. కాని వెలువడిన నీరే ఆ బంధాన్ని తిరిగి తెంచుతుంది. ఆ నీటిని ప్రత్యేక పరికరంతో తొలగించి, 1930లో ఆయన సహచరుడు జూలియన్ హిల్ పది వేలకు మించిన అణుభారం గల పాలిఎస్టర్‌ను సాధించాడు. కరిగిన ముద్ద నుండి దారం సాగింది. చల్లారాక మరింత లాగితే పట్టువలె మెరిసి గట్టిపడింది. అయితే అది వేడినీటికే మెత్తబడేది. బట్టలకు పనికిరాదని దానిని విడిచిపెట్టారు. అమైడ్ బంధాన్ని ఆశ్రయించగా 1935 ఫిబ్రవరి 28న నైలాన్ రూపొందింది. ఈలోగా, 1932లో, లాక్టైడ్ అనే వలయాకార ఎస్టర్‌ను గొలుసుగా మార్చే చర్యను కూడా ఆయన బృందం పరిశీలించింది.

1936లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. ఇంత గౌరవం దక్కినా తన ప్రతిభ అడుగంటిందనే దిగులు ఆయనను వీడలేదు. 1937 జనవరిలో సోదరి మరణం ఆ వేదనను పెంచింది. ఏప్రిల్ 29న, నలభై ఒకటవ పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు, ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. కుమార్తె ఆ నవంబరులో జన్మించింది. నైలాన్ మేజోళ్లు 1940లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి.

లాక్టైడ్ కథ మాత్రం ఆగలేదు. ఆ వలయం విచ్చుకొనేటప్పుడు నీరు వెలువడదు. తగరపు సమ్మేళనాన్ని ఉత్ప్రేరకంగా వాడితే వలయం లోహాన్ని ఆనుకొని తెరుచుకొని, పెరిగే గొలుసులో చేరుతుంది. లాక్టైడ్‌కు కుడి, ఎడమ చేతులవంటి రూపాలున్నాయి. వాటి వరుసను నియంత్రించే అల్యూమినియం, జింకు ఉత్ప్రేరకాలు తరువాత వచ్చాయి. వరుస క్రమబద్ధమైతే పదార్థం స్ఫటికంలా గట్టిపడుతుంది. క్రమం తప్పితే త్వరగా శిథిలమవుతుంది. శస్త్రచికిత్సలో వేసే కొన్ని కుట్టుదారాలు ఈ జాతి పాలిఎస్టర్లే. కరోథర్స్ బృందం అంత శ్రమపడి తొలగించిన నీరే శరీరంలో వాటి బంధాలను మెల్లగా తెంచుతుంది.