బొమ్మ చూపి కథ చదివించిన చక్రపాణి

జబ్బు మంచం మీద కొత్త భాష నేర్చుకున్నారు.. పిల్లలకు ‘చందమామ’ ఇచ్చారు
తెలుగు, కన్నడం పక్కపక్కన పెట్టి చదువుకునే వీలు కల్పించారు

సిరుగుప్ప: ఇంట్లో తెలుగు.. బడిలో కన్నడం. తుంగభద్ర ఒడ్డున సిరుగుప్ప వైపు తెలుగిళ్లలో పిల్లలు చాలామంది ఇలాగే పెరుగుతారు. అవ్వ తెలుగులో కథ చెబితే ఊఁ కొడతారు. అదే కథ తెలుగులో అచ్చేసి చేతికిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. మాట వచ్చు, అక్షరం రాదు. అలాంటి పిల్లలకే కాదు, ఈ వయసులో మళ్లీ చదువేమిటని సిగ్గుపడే పెద్దలకు కూడా బొమ్మల కథల పుస్తకం మంచి తోడు. తెలుగులో ఆ పుస్తకాన్ని ఇంటింటి వస్తువు చేసిన వాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు చక్రపాణి. ఆయన కూడా పెద్దయ్యాక, అదీ జబ్బుపడి మంచం మీదున్నప్పుడు, ఒక కొత్త భాష చదవడం మొదలుపెట్టిన మనిషే.

తెనాలి కుర్రాడు

చక్రపాణి అసలు పేరు ఆలూరు వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న గుంటూరు జిల్లా తెనాలి పక్కనున్న ఐతానగర్‌లో రైతు కుటుంబంలో పుట్టారు. స్వాతంత్య్రోద్యమం రోజుల్లో బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. హిందీ మీద ఇష్టం పెంచుకుని పట్టుగా నేర్చుకున్నారు. చక్రపాణి అన్న పేరు కూడా హిందీ నేర్పిన గురువు పెట్టిందే. చివరికి అసలు పేరు మరుగున పడి, ఆ పేరే నిలిచింది.

1930ల మొదట్లో ఆయనకు క్షయ సోకింది. ఆ రోజుల్లో క్షయ అంటే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకునే జబ్బు. దానికి సరైన మందు ఇంకా రాలేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి.. అదే వైద్యం. చక్రపాణిని మదనపల్లె దగ్గరి శానిటోరియంలో చేర్చారు. నెలల తరబడి మంచం మీదే ఉండాలి. వేరే ఎవరైనా అయితే దిగులుతో కుంగిపోయేవారే. ఆయన మాత్రం అక్కడే బెంగాలీ నేర్చుకోవడానికి కూర్చున్నారు. పరీక్షలూ లేవు, ఉద్యోగం ఆశా లేదు. కథలు చదవాలన్న కోరిక ఒక్కటే.

జబ్బు తగ్గి బయటికొచ్చాక ఆ బెంగాలీతోనే శరత్‌చంద్ర చటర్జీ నవలల్ని తెలుగులోకి తెచ్చారు. చదివిన వాళ్లలో చాలామంది శరత్‌ని తెలుగు రచయితే అనుకున్నారు. అంత తేలిగ్గా, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లా ఉండేది ఆ తెలుగు. అడ్డొచ్చే మాట ఒక్కటి కూడా ఉండకూడదన్నదే ఆయన పట్టుదల. తర్వాత పిల్లల కథలకూ అదే కొలత పెట్టారు.

నాగిరెడ్డితో జత

కొడవటిగంటి కుటుంబరావుతో కలిసి ‘యువ’ పత్రిక నడిపిన చక్రపాణి, సినిమా రాతపనితో మద్రాసు చేరారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’కు మాటలు ఆయనవే. అక్కడే కడప జిల్లా పొట్టిపాడుకు చెందిన బి.నాగిరెడ్డితో స్నేహం కుదిరింది. నాగిరెడ్డికి అచ్చు యంత్రాల గుట్టు తెలుసు. చక్రపాణికి కథ గుట్టు తెలుసు. ఈ ఇద్దరి జత నుంచే 1947 జులైలో ‘చందమామ’ పుట్టింది. దేశానికి స్వాతంత్య్రం రావడానికి సరిగ్గా నెల ముందు మాట ఇది.

అప్పటికి సిరుగుప్ప, బళ్లారి, ఆదోని అన్నీ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోగా, సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత పడింది గానీ చుట్టరికాలు తెగలేదు. ఇళ్లలో తెలుగు అలాగే నిలిచింది. బడిలో మాత్రం కన్నడం వచ్చింది.

ఒకే బొమ్మ.. రెండు లిపులు

సరిహద్దు ఇళ్లకు చక్రపాణి చేసిన మేలు ఇక్కడే ఉంది. చందమామ తెలుగుతో ఆగలేదు. 1947లోనే తమిళంలో ‘అంబులిమామ’గా వచ్చింది. 1940లు ముగిసేలోపే కన్నడంలోనూ, హిందీలోనూ మొదలైంది. తర్వాత మరెన్నో భాషలకు పాకింది. అన్నిటిలోనూ బొమ్మలు అవే, కథలు అవే. మారేది మాట ఒక్కటే. అలా కన్నడ చందమామ చదివే పిల్లోడు, తెలుగు చందమామ చదివే తాత ఒకే బొమ్మ చూస్తూ ఒకే కథ చెప్పుకునే వీలు కలిగింది.

ఈ రెండు లిపులూ అక్కాచెల్లెళ్లే. తలకట్టు తీరు మారుతుంది గానీ చాలా అక్షరాల ఒంపు ఒకటే. కన్నడం వచ్చిన వాడు బొమ్మను బట్టి మాటను ఊహిస్తే, మాటను బట్టి అక్షరం దానంతటదే పట్టుబడుతుంది.

అచ్చు కామిక్స్ కాదు.. అయినా దారి అదే

ఇప్పటి పిల్లలకు కామిక్స్ అంటే గళ్లు గళ్లుగా బొమ్మలు, నోటి దగ్గర మాటల బుడగలు. చందమామ అచ్చం అలా ఉండేది కాదు. కథ కథలాగే ఉండి, పేజీ పేజీకీ బొమ్మ ఉండేది. కథలో ముఖ్యమైన ఘట్టం ఏదో, అదే బొమ్మలో కనిపించాలి. చదవడం రానివాడు కూడా పేజీలు తిప్పి కథ సగం పట్టేయాలి. మిగతా సగం కోసం అక్షరాల్లోకి దిగాలి.

ఆ బొమ్మల వెనక పెద్ద చేతులే ఉన్నాయి. ‘చిత్ర’ పేరుతో గీసిన టి.వి.రాఘవన్ తొలినాళ్ల నుంచీ ఉన్నారు. మహాభారతం బొమ్మలతో పేరు తెచ్చుకున్న ఎం.టి.వి.ఆచార్య కన్నడిగుడు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గీసింది. ఆ శంకర్ తమిళుడు. 2020లో కన్నుమూశారు. ‘వపా’ అని సంతకం చేసే వడ్డాది పాపయ్య ముఖచిత్రాలను ఇప్పటికీ దాచుకున్న వాళ్లున్నారు. తెలుగు పత్రికకు తెలుగు, కన్నడ, తమిళ చేతులన్నీ కలిశాయన్న మాట.

రాతలోనూ అంతే జాగ్రత్త. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కుటుంబరావు చందమామ కథల్ని తీర్చిదిద్దారు. పత్రిక మీద సంపాదకుడిగా చక్రపాణి పేరే ఉండేది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ వంటి జానపద సీరియళ్ల కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు. చిన్న వాక్యం, తెలిసిన మాట, సాగదీయని కథ.. చక్రపాణి కోరింది ఇదే. పిల్లలకు నీతి బోధించి బరువెక్కించడం కన్నా, చదివే ఇష్టం కలిగించడమే ముఖ్యమన్నది ఆయన పద్ధతి.

సినిమాలోనూ అదే చూపు

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ నుంచి ‘షావుకారు’ (1950), ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) వచ్చాయి. ‘మిస్సమ్మ’కు మూలం బెంగాలీ కథ. 1962 నాటి ‘గుండమ్మ కథ’కు మూలం విఠలాచార్య తీసిన కన్నడ సినిమా ‘మనె తుంబిద హెణ్ణు’. మంచి కథ ఏ భాషలో ఉన్నా తెచ్చుకుని, మన ఇంట్లో జరిగినట్టే చెప్పడం చక్రపాణికి అలవాటు. శానిటోరియంలో పట్టుబడిన విద్యే ఇదంతా.

1975 సెప్టెంబరు 24న ఆయన కన్నుమూశారు. చందమామ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు నడిచింది. మధ్యలో కొంతకాలం ఆగి మళ్లీ వచ్చినా, 2010ల మొదట్లో పూర్తిగా ఆగిపోయింది.

కొత్తగా మొదలుపెట్టాలంటే..

పత్రిక ఆగినా పాత సంచికలు పోలేదు. ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో, పాత పుస్తకాల అంగళ్లలో కనిపిస్తూనే ఉంటాయి. కొత్తగా చదవాలనుకునే వాళ్లు సీరియల్ జోలికి ముందే పోకూడదు. మధ్యలో ఒక సంచిక దొరక్కపోతే విసుగొస్తుంది. రెండు మూడు పేజీల్లో ముగిసే చిన్న కథతో మొదలుపెట్టడం మేలు. ముందు బొమ్మలన్నీ చూసి, కథ ఏమై ఉంటుందో పిల్లల చేత చెప్పించాలి. తర్వాతే చదవాలి. అదీ పైకి చదవాలి. చెవికి తెలిసిన మాట కంటికి తొందరగా దొరుకుతుంది. కన్నడ సంచిక కూడా దొరికితే పక్కన పెట్టుకోవచ్చు. చిన్న కథలు అలవాటయ్యాక బేతాళ కథలు. ఒక్కో కథ ఒక నెలలోనే ముగుస్తుంది, చివర్లో చిక్కు ప్రశ్న ఉంటుంది. బేతాళుడికి జవాబు రాజు కన్నా ముందే పిల్లలు చెబితే, ఆ ఇంట్లో చదువు కుదిరినట్టే. సీరియళ్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

రోజుకో కథ చాలు. తప్పు చదివితే వెంటనే దిద్దకుండా కథ ముగిసేదాకా ఆగితే మంచిది. తెలుగు చదవడం రాని తల్లిదండ్రులు పిల్లలతో పాటే కూర్చుని నేర్చుకున్నా చిన్నతనమేం కాదు. తెలుగు అక్షరం సిరుగుప్ప ఇళ్లలో అవ్వా తాతలతోనే ఆగిపోకుండా ఉండాలంటే, ఎవరో ఒకరు ఒక కథ తెరవాలి. తెనాలి కుర్రాడు జబ్బు మంచం మీద తెరిచింది కూడా తనకు రాని భాషలోని కథల పుస్తకమే.