చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు

వేంకటశాస్త్రిగారు 1870వ సంవత్సరమున రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియమున జన్మించిరి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారియొద్ద చదువుకొనునాడు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కుదిరిన చెలిమి వీరిరువురను జంటకవులను చేసెను. పిమ్మట బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులై, విశ్వనాథ సత్యనారాయణగారి వంటివారికి గురువులైరి.

వీరి పాండవోద్యోగ నాటకమున శ్రీకృష్ణుడు తనయొద్దకు వచ్చిన దుర్యోధనార్జునులను, మన యిండ్లలో బంధువులను పలుకరించినట్లే, రాకపోకలును ఇంటివారి క్షేమమును అడుగును. ఛందస్సు తప్పదు, మాట బిగియదు. అందుచేతనే మన కృష్ణాతీరమున చదువురానివారికిని ఆ పద్యములు నోటికి వచ్చెడివి. (నటుడు రాగము మితిమీరి సాగదీసినచో ఈ సొగసు వినబడదు.) కలిసి మాటలాడుకొనుచు కలిసి వ్రాసిన మిత్రులగుటచేతనే యిది సాధ్యమయ్యెనని నా తలంపు.

1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిరి. 1950 వరకు జీవించిన వేంకటశాస్త్రిగారు ఆ పిమ్మట తాము ఒంటరిగా రచించిన కవిత్వమునకు సైతము జంటపేరే పెట్టుచువచ్చిరి.