శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

మన చింతపల్లినుండి విశాఖపట్టణమునకు బాలికను చదువునకై పంపదలచిన తలిదండ్రులు మొదట అడుగు ప్రశ్న చదువును గూర్చినది కాదు. పిల్ల ఎచ్చట ఉండవలెనన్నదే. ఈ ప్రశ్నయే 1930వ దశకమున విశాఖపట్టణములోనే దుర్గాబాయిగారికి ఎదురైనది.

వారు 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. వయస్సు వచ్చిన పిదప ఆ బంధమును వారు అంగీకరింపకుండగా ఇంటివారు ఆమె పక్షముననే నిలిచిరి. ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు. ఆంగ్లమున బోధించుటకు నిరసనగా చిన్ననాడే బడి మానిరి గాని చదువు మానలేదు. హిందీ నేర్చి, నేర్చినదానిని తోటి స్త్రీలకు చెప్పుటకు పాఠశాల పెట్టిరి. 1923లో కాకినాడ కాంగ్రెసునాడు టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ప్రదర్శనశాల గుమ్మమువద్ద ఆపిన కథ పెద్దలెరిగినదే.

ఉప్పు సత్యాగ్రహమున కారాగారవాసము చేసి వచ్చిన పిదప, ఇరువదేండ్లు దాటిన వయస్సున, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చుండిరి. అనంతరము ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదను కారణమున ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించిరి. రెడ్డిగారు సంకుచితులు కారు. కాని లేని వసతిని మాటతో కల్పింపజాలరు గదా! దుర్గాబాయిగారు వాదమునకు దిగలేదు. చదువుకొనగోరియు వసతి లేక ఆగిపోయిన బాలికలు తమకు తెలుపవలసినదని పత్రికలో ప్రకటన వేయించిరి. అట్లు వచ్చినవారిని కూడగట్టి తామే ఒక వసతిగృహము ఏర్పరచిరి. ఆక్షేపణ తొలగెను, ప్రవేశము లభించెను. రాజనీతిశాస్త్రమున పట్టము పొంది, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రము ముగించిరి.

ఈలోగా మద్రాసు మైలాపూరులో చిన్న బాలికల సంఘముగా మొదలైనది ఆంధ్ర మహిళాసభగా పెరిగెను. బాల్యమున చదువు తెగిన స్త్రీలను చేరదీసి కాశీ మెట్రిక్యులేషన్‌కు సిద్ధపరచుట దాని తొలి పనులలో ఒకటి. తాము నడచిన దారియే అది.

1946లో రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలైరి. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడిరి. ఆ యేడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. మండలి 1958లో ఆరంభించిన సంక్షిప్త విద్యాక్రమము, బడి మానిన వయోజన స్త్రీలను రెండేండ్లలో పరీక్షకు చేర్చు ఏర్పాటు. అదే సంవత్సరము స్త్రీవిద్యపై జాతీయ సంఘమునకు అధ్యక్షత వహించిరి. బాలురకును బాలికలకును చదువులో గల అంతరమును ప్రత్యేక సమస్యగా ఎంచి, దానికై వేరుగా యంత్రాంగము ఏర్పరచవలెనని ఆ సంఘము 1959లో నివేదించెను.

దుర్గాబాయిగారు 1981 మే 9వ తేదీన పరమపదించిరి.