కీ.శే. తరిమెల నాగిరెడ్డి గారు

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దలలో ఒకరిని గురించి వ్రాయమని కార్యదర్శి గారు కోరగా నాకు నాగిరెడ్డి గారే తోచారు. మేము సర్వీసులో చేరిన కొత్తలో ఆ పేరు ఆఫీసులో గట్టిగా పలకడానికి జంకేవాళ్ళం. ఇప్పుడు ఆ భయం లేదు గనుక వ్రాస్తున్నాను.

వారు 1917లో తరిమెల గ్రామంలో సంపన్న రైతు కుటుంబంలో పుట్టారు. మన గోరంట్ల 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గాని, తరిమెల నేటికీ అనంతపురం జిల్లాలోనే ఉంది. ఋషి వ్యాలీలోను, మద్రాసు లయోలా కాలేజీలోను, కాశీ విశ్వవిద్యాలయంలోను చదివారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధం వల్ల కలిగే ఆర్థిక ఫలితాలపై ఒక చిన్న పుస్తకం వ్రాసినందుకు తెల్లదొరల ప్రభుత్వం వారిని జైలులో పెట్టింది. బాంబు కాదు, తుపాకీ కాదు, పుస్తకం!

1952 ఎన్నికలలో అనంతపురంలో వారు ఓడించినది ఎవరినో కాదు, స్వయాన బావగారైన నీలం సంజీవరెడ్డి గారిని. 1957లో లోక్‌సభకు, తరువాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవ మార్గం పట్టారు. ఆయుధం పట్టే మార్గాన్ని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. అయితే చారు మజుందార్ గారి వ్యక్తిగత నిర్మూలన పద్ధతిని వారూ ఒప్పుకోలేదని మన పిల్లలకు చెప్పాలి. అందరినీ ఒకే గాట కట్టడం పోలీసు రికార్డుకు సులువే గాని, న్యాయం కాదు.

అదే సంవత్సరం డిసెంబరులో మద్రాసులో అరెస్టు చేసి హైదరాబాదు కుట్ర కేసు పెట్టారు. కోర్టులో తమ వాదనగా వారు సమర్పించిన ప్రకటనే ఒక పెద్ద గ్రంథమైంది. విదేశీ అప్పులు, భూమి, పరిశ్రమలు, అన్నిటికీ లెక్కలు చూపారు. ఫైళ్ళ మధ్య బ్రతికిన గుమాస్తాను గనుక ఒక్కమాట చెబుతాను. ప్రభుత్వ నివేదికలలోని అంకెలనే తీసుకుని ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఎంతో ఓపిక కావాలి. శిక్ష పడినా 1972లో బెయిలుపై బయటికొచ్చారు.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలకు సెన్సారు, మనుషులకు 1971 నాటి మీసా. వారెంటు ఎందుకని అడిగే దిక్కులేదు. 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, నిర్బంధంలో ఉన్నవారు హైకోర్టు తలుపు తట్టరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది. మీసా పోయింది, 1985లో టాడా వచ్చింది. అది 1995లో ముగిసింది, 2002లో పోటా వచ్చింది. పోటా 2004లో రద్దయితే దానిలోని ఉగ్రవాద నిబంధనలు చాలావరకు 1967 నాటి యు.ఏ.పి.ఏ.లో చేరాయి. టాడా కింద పట్టుబడిన వేలమందిలో శిక్ష పడినవారు బహు కొద్దిమంది. తక్కినవారికి జైలులో పోయిన ఏళ్ళకు ఎరియర్సు ఎవరిస్తారు?

నాగిరెడ్డి గారు మీసాకు చిక్కలేదు. అజ్ఞాతంలో ఉండగానే జబ్బుపడి, మారుపేరుతో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, 1976 జూలై 28న కన్నుమూశారు. మరుసటి సంవత్సరం జూలైలోనే సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి అయ్యారు. కోర్టు ప్రకటన ఇంగ్లీషులో 1978లో అచ్చయింది. తెలుగులో దాని పేరు తాకట్టులో భారతదేశం.