సైన్యం కాదన్నది, సేకర్తలు కళ్లకద్దుకున్నది: జోసెఫ్ విట్‌వర్త్ ఆరు పలకల రైఫిల్ కథ

1860 జులై 2. లండన్ శివార్లలోని వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలు మొదలవుతున్నాయి. ప్రారంభించడానికి విక్టోరియా రాణి స్వయంగా వచ్చారు. ఆమె ముందు ఒక ఇనుప పీఠం మీద రైఫిల్‌ను కదలకుండా బిగించి ఉంచారు. దాని ట్రిగ్గర్‌కు పట్టు తాడు కట్టారు. లక్ష్యం 400 గజాల దూరంలో ఉంది. రాణి తాడు లాగారు. తూటా వెళ్లి లక్ష్య కేంద్రానికి అంగుళంపావు దూరంలో తగిలింది.

నిజానికి ఆ రోజు గురి చూసింది రాణి కాదు. ఆ ఘనత పీఠానిది, దాని మీది రైఫిల్‌ది, రెండింటినీ అమర్చిన 56 ఏళ్ల మాంచెస్టర్ యంత్ర నిర్మాతది. ఆయన పేరు జోసెఫ్ విట్‌వర్త్.

ఈ పేరు మన దేశంలో తుపాకుల వల్ల తెలిసినది కాదు. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకున్నవారికి, రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసిన పాతతరం వారికి బి.ఎస్.డబ్ల్యు. అనే మూడక్షరాలు పరిచయమే. బ్రిటిష్ స్టాండర్డ్ విట్‌వర్త్ అనే ఆ మర కొలత ఈయన నిర్దేశించినదే. ఎక్కడ తయారైన నట్టు అయినా ఎక్కడి బోల్టుకైనా పట్టాలన్నది ఆయన జీవితాశయం. అటువంటి మనిషి ఒక రైఫిల్ చేశారు. దాన్ని పదాతిదళానికంతటికీ ప్రామాణిక ఆయుధంగా తీసుకోవడానికి బ్రిటిష్ సైన్యం ఒప్పుకోలేదు. అందుకే అది అరుదైనదైంది. ఒక్కో గుండు పెట్టి కాల్చే పాత గురి రైఫిళ్లను సేకరించేవారు ఈనాడు దాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

నూలు మిల్లు నుంచి పారిపోయిన కుర్రవాడు

విట్‌వర్త్ 1803 డిసెంబర్ 21న మాంచెస్టర్‌ను ఆనుకుని ఉన్న స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. తండ్రి బడిపంతులు, ఆ తర్వాత చర్చి బోధకుడు. జోసెఫ్ చిన్నతనంలోనే తల్లి మరణించారు. పద్నాలుగేళ్ల వయసులో డెర్బీషైర్‌లో మేనమామ నడిపే నూలు మిల్లుకు పంపారు. మిల్లు వ్యాపారంలో స్థిరపడతాడని పెద్దల ఆశ. కుర్రవాడికి నూలు మీద కాక ఆ నూలు వడికే యంత్రాల మీద మనసు పడింది. అవి ఎంత మోటుగా తయారవుతున్నాయో కూడా అప్పుడే గమనించాడు. కొన్నేళ్లకు ఎవరికీ చెప్పకుండా మాంచెస్టర్‌కు వెళ్లిపోయి మెకానిక్‌గా చేరాడు.

1825లో ఫ్యానీ ఆంకర్స్‌ను పెళ్లాడి లండన్ చేరారు. ఆనాటి యంత్ర నిర్మాతల్లో అగ్రగణ్యుడైన హెన్రీ మాడ్స్‌లే కార్ఖానాలో పని దొరికింది. తర్వాత జోసెఫ్ క్లెమెంట్ దగ్గర పనిచేశారు. చార్లెస్ బాబేజ్ గణన యంత్రానికి భాగాలు తయారైంది అక్కడే.

లండన్ రోజుల్లోనే విట్‌వర్త్ నిజమైన చదును అన్న సమస్య వెంట పడ్డారు. ఒక లోహపు పలక చదునుగా ఉందో లేదో తేల్చాలంటే మరో చదును పలకతో పోల్చాలి. ఆ రెండోది చదునని ఎవరు చెప్పాలి? రెండు పలకలను ఒకదానిపై ఒకటి రాస్తే ఒకటి బొర్లుగా, రెండోది గుంటగా అరిగి, అప్పటికీ చక్కగా అతుక్కోవచ్చు. అందుకే మూడు పలకలు కావాలి. మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది మళ్లీ మొదటిదానికి సరిపోయాయంటే మూడూ చదునైనట్టే. పలకకు రంగు పూసి, ఎత్తుగా ఉన్న చోట రంగు అంటిన మచ్చలను మాత్రమే చిన్న పరికరంతో గీకేవారు. ఎమెరీ పొడితో రుద్దడం ఆయనకు నచ్చేది కాదు. పొడి ఎక్కడ ఎంత అరగదీస్తుందో చేతికి తెలియదన్నది ఆయన అభ్యంతరం. నేటికీ సర్‌ఫేస్ ప్లేట్ తయారీలో ఈ సూత్రమే ఉంది.

1833లో మాంచెస్టర్‌కు తిరిగి వచ్చి సొంత కార్ఖానా పెట్టారు.

బోల్టులు పోగుచేసిన మనిషి

విట్‌వర్త్ కూడా ఒక విధంగా సేకర్తే. ఆ రోజుల్లో ఏ కార్ఖానా మర దానిదే. ఒకచోట బోల్టు పోతే మరోచోట చేసింది పట్టేది కాదు. ఇంగ్లండ్‌లోని అనేక కార్ఖానాల నుంచి ఆయన బోల్టులు తెప్పించి, మరల లోతు, కోణం, అంగుళానికి ఎన్ని చుట్లు అన్నవి కొలిచి సగటు తీశారు. మర కోణం 55 డిగ్రీలు ఉండాలని, ఒక్కో మందం బోల్టుకు ఇన్ని చుట్లని నిర్ణయించి 1841లో సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందుంచారు. అర అంగుళం బోల్టుకు అంగుళానికి 12 చుట్లు. తర్వాత అమెరికా తన పద్ధతిలో 60 డిగ్రీలు, 13 చుట్లు పెట్టుకుంది. ఈ రెండింటినీ కలిపి బిగించబోయి మర చెడగొట్టుకున్న మెకానిక్కులు లోకమంతటా ఉన్నారు.

రైల్వే కంపెనీలు విట్‌వర్త్ కొలతను త్వరగా అందిపుచ్చుకున్నాయి. బ్రిటిష్ ఇంజిన్లతో పాటు అది భారత్‌కూ వచ్చింది. 1956లో మనం చట్టం చేసి మెట్రిక్ పద్ధతికి మారినా, పాత యంత్రాల మరమ్మతులో ఆ మర వెంటనే పోలేదు.

1851 లండన్ మహాప్రదర్శనలో అంగుళంలో పది లక్షల వంతు తేడాను పట్టే కొలత యంత్రాన్ని ఆయన చూపించారు. ఆయన ఖ్యాతి అక్కడే ప్రభుత్వం దాకా వెళ్లింది.

కాగితపు తెరల మధ్య

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు వేగంగా చేయడానికి యంత్రాలు ఇవ్వాలని ఆయుధ శాఖ విట్‌వర్త్‌ను కోరింది. ఇంకొకరైతే ఆర్డరు తీసుకుని యంత్రాలు చేసి డబ్బు తీసుకునేవారు. ఈయన మాత్రం అసలు ఏ గొట్టం మంచిదో, ఎందుకు మంచిదో తేలకుండా యంత్రాలు చేయడం అర్థరహితమని, ముందు ప్రయోగాలు జరగాలని పట్టుబట్టారు. ప్రభుత్వం ఒప్పుకొని మాంచెస్టర్ శివారులో ఆయన ఇంటి ఆవరణలోనే 500 గజాల పొడవైన కప్పు గల కాల్పుల శాల కట్టించింది. కట్టిన కొద్దికాలానికే గాలివానకు కూలిపోయింది. మళ్లీ కట్టారు. 1855 మార్చిలో ప్రయోగాలు మొదలయ్యాయి.

శాల పొడవునా పలుచటి కాగితపు తెరలు వేలాడదీశారు. తూటా ఒక్కో తెరనూ చీల్చుకుని వెళ్లేది. ఆ రంధ్రాలను వరుసగా చూస్తే తూటా ఎక్కడ వాలిందో, ఎక్కడ అడ్డం తిరిగిందో కళ్లకు కట్టేది. తూటా దారిని ఇంత శ్రద్ధగా చదివినవారు అంతకుముందు అరుదు.

ఎన్‌ఫీల్డ్ గొట్టం వెడల్పు 0.577 అంగుళం. లోపలి గాడులు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. తూటా బరువు 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. విట్‌వర్త్ ఆ బరువును మార్చకుండా గొట్టాన్ని 0.451 అంగుళానికి తగ్గించారు. అదే సీసం సన్నని గొట్టంలో పట్టాలంటే తూటా పొడవుగా ఉండక తప్పదు. పొడవైన తూటా గాలిని తేలికగా చీలుస్తుంది, కానీ తగినంత వేగంగా తిరగకపోతే తలకిందులవుతుంది. అందుకే 20 అంగుళాలకే ఒక చుట్టు పెట్టారు. అంత బిగువైన మెలికలో మామూలు గాడులు తూటాను పట్టి ఉంచలేవేమోనని గొట్టం లోపలి రంధ్రాన్నే ఆరు పలకలుగా చేసి మెలితిప్పారు. తూటాకూ అదే మెలిక, అవే ఆరు పలకలు. చూస్తే ఇది మరే. తూటా బోల్టు, గొట్టం నట్టు. జీవితమంతా మరలు చూసిన కన్ను తుపాకీలోనూ మరనే చూసింది.

హైత్ పరీక్ష

1857 ఏప్రిల్‌లో హైత్‌లోని సైనిక శిక్షణ కేంద్రంలో యుద్ధ మంత్రి సమక్షంలో రెండు రైఫిళ్లనూ పోటీకి పెట్టారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ తూటాలు సగటున 2.24 అడుగులు పక్కకు పోయాయి. విట్‌వర్త్‌వి 0.37 అడుగు, అంటే నాలుగున్నర అంగుళాలు. 1,100 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ తేడా ఎనిమిది అడుగులు దాటింది. 1,400 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ లక్ష్యాన్ని తాకనేలేదు. విట్‌వర్త్ తాకింది.

అక్కడ ఓడిన ఎన్‌ఫీల్డ్ భారతీయ పాఠకులకు కొత్తది కాదు. దాని తూటా కాగితానికి పూసిన కొవ్వే సిపాయిల ఆగ్రహానికి తక్షణ కారణమైంది. హైత్ పరీక్షకు ముందు నెల, మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డారు. మరుసటి నెల, మే 10న మీరట్ భగ్గుమంది.

ఇంత గెలిచినా సైన్యం దాన్ని స్వీకరించలేదు. సన్నటి గొట్టంలో కాలిన మందు మసి త్వరగా పేరుకుని, మూతి నుంచి తూటా దించడం కష్టమయ్యేది. ధర ఎన్‌ఫీల్డ్ కన్నా ఎన్నో రెట్లు. అధికారుల వాదనలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. వర్షంలో, బురదలో, వణికే చేతులతో మందు దట్టించే సిపాయికి నాలుగున్నర అంగుళాల ఖచ్చితత్వం కన్నా ఇరవయ్యో తూటా కూడా గొట్టంలోకి దిగడం ముఖ్యం. విట్‌వర్త్‌కు ఆ మాట రుచించలేదు. ఆయన పనితనం ఎంత గొప్పదో మొండితనమూ అంతే. ఫిరంగుల విషయంలో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఏళ్ల తరబడి సాగిన పోటీలోనూ ప్రభుత్వం మొగ్గు ఎక్కువగా ఆర్మ్‌స్ట్రాంగ్ వైపే ఉంది.

సైన్యం వదిలేసినదాన్ని గురికాళ్లు పట్టుకున్నారు. 0.451 అంగుళం దూరపు గురి పోటీల కొలతగా స్థిరపడింది. 1871లో బ్రిటన్ స్వీకరించిన మార్టినీ-హెన్రీ కూడా 0.450 అంగుళం రైఫిలే. ఆరు పలకలు పోయాయి కానీ సన్నటి గొట్టం, పొడవైన తూటా, బిగువైన మెలిక అన్న సూత్రం నిలిచింది.

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం కొద్ది సంఖ్యలో ఈ రైఫిళ్లను తెప్పించుకుని ఏరికోరిన గురికాళ్లకు ఇచ్చింది. 1864 మే 9న స్పాట్‌సిల్వేనియా వద్ద ఉత్తరాది జనరల్ జాన్ సెడ్జ్‌విక్, అంత దూరం నుంచి శత్రువు కొట్టలేడని తన సైనికులకు ధైర్యం చెబుతుండగానే తూటా తగిలి మరణించారు. అది విట్‌వర్త్ తూటాయేనని చాలాకాలంగా ప్రచారంలో ఉంది. కాల్చిందెవరో, ఏ రైఫిల్‌తోనో తిరుగులేని రుజువు మాత్రం లేదు. పోటీ మైదానంలో మెచ్చుకున్న ఖచ్చితత్వానికి అర్థం ఇక్కడ వేరు.

సేకర్త ఏం చూస్తాడు?

ఆ యుద్ధపు నీడ వల్లే నేటి సేకర్తల లోకంలో విట్‌వర్త్ రైఫిళ్లకు ఒక అంతస్తుల వ్యవస్థ ఏర్పడింది. పోటీలకు చేసిన నాణ్యమైన రైఫిల్, దానితో పాటు వచ్చిన చెక్కపెట్టె, తూటా అచ్చు, మందు కొలపాత్ర, గురి పలకలు అన్నీ కలిసి దొరికితే అదొక నిధి. విచిత్రమేమంటే రెండో రకం అని ట్రిగ్గర్ గార్డు పట్టీ మీద ముద్ర పడ్డ సాదా రైఫిల్‌కు మరింత గిరాకీ ఉండవచ్చు. దక్షిణాదికి వెళ్లినవిగా గుర్తించిన వాటిలో ఆ ముద్ర కనబడటమే కారణం. కొన్నిటికి పక్కన అమర్చిన దూరదర్శిని ఉంటుంది. దాన్ని రూపొందించిన డేవిడ్ డేవిడ్‌సన్ బొంబాయి సైన్యంలో పనిచేసిన అధికారి.

గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. ముద్రను తర్వాత కొట్టవచ్చు. వేరే రైఫిల్ పెట్టెను దీనికి జతచేయవచ్చు. కాబట్టి అనుభవజ్ఞుడు ముందు పైపై మెరుపును అనుమానిస్తాడు. గట్టిగా రుద్ది మెరిపించిన గొట్టం మీద అక్షరాల అంచులు అరిగిపోతాయి, అసలు రంగు పోతుంది, విలువా దానితోనే పోతుంది. తర్వాత మూతిలోకి దీపం వేసి ఆరు పలకల మూలలు ఎంత పదునుగా మిగిలాయో చూస్తాడు. ఆపై లోపలి కొలత పరీక్షిస్తాడు. అందుకు వాడే ప్లగ్ గేజ్‌ను ప్రాచుర్యంలోకి తెచ్చినవారిలో విట్‌వర్త్ ముఖ్యుడు.

మన దేశంలో పాత సంస్థానాల ఆయుధశాలల నుంచి వచ్చిన తుపాకులు ఇళ్లలో ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1959 ఆయుధాల చట్టం పురాతన విలువ గల ఆయుధాన్ని మినహాయించేది, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. వందేళ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించడాన్ని 1972 నాటి చట్టం నిషేధిస్తుంది.

చివరి రోజులు

1868లో విట్‌వర్త్ యువ ఇంజినీర్లకు ఏటా వంద పౌండ్ల చొప్పున 30 ఉపకార వేతనాలు ప్రకటించారు. పుస్తక జ్ఞానం ఒక్కటే చాలదు, చేతిపనిలోనూ నెగ్గాలన్నది షరతు. మరుసటి ఏడు బ్యారొనెట్ బిరుదు వచ్చింది. ఇంటి జీవితం అంత సాఫీగా సాగలేదు. ఫ్యానీతో చాలాకాలం విడిగానే ఉన్నారు. 1870లో ఆమె మరణించాక మేరీ లూయిసా ఆరెల్‌ను వివాహమాడారు. సంతానం లేదు. 1874లో కార్ఖానాను కంపెనీగా మార్చి కార్మికులకూ వాటాలు ఇచ్చారు.

ఆరోగ్యం క్షీణించి చలికాలాలు మధ్యధరా తీరంలో గడిపేవారు. 1887 జనవరి 22న మాంటే కార్లోలో కన్నుమూశారు. డెర్బీషైర్‌లోని డార్లీ డేల్‌లో సమాధి చేశారు. ఆస్తిలో అధికభాగం విద్యకూ, ప్రజోపయోగానికీ వెళ్లింది. మాంచెస్టర్‌లో ఆయన పేర వెలసిన కళాప్రదర్శనశాల ఆ సొమ్ముతో ఏర్పడిందే. పదేళ్లకు, 1897లో, ఆయన కంపెనీ విలీనమైంది. ఎవరితోనంటే, బతికినంతకాలం ఆయనకు పోటీగా నిలిచిన ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీతోనే.