సాచెల్ పేజ్ వయసెంత?

1965 సెప్టెంబర్ 25. అమెరికాల కాన్సాస్ సిటీ బేస్‌బాల్ గ్రౌండ్. మైదానం పక్కన ఒక ఊగుడు కుర్చీ ఏసిన్రు. దాన్ల ఒక నల్లజాతి ముసలాయన కూసున్నడు. పక్కన ఒక నర్సును గూడ పెట్టిన్రు. టికెట్లు అమ్ముకునేతందుకు టీమ్ ఓనర్ చార్లీ ఫిన్లీ ఏసిన ఏషం అది. చూసెటోళ్లు నవ్విన్రు. ఆ ముసలాయన కుర్చీల కెల్లి లేసిపోయి బోస్టన్ రెడ్ సాక్స్ మీద మూడు ఇన్నింగ్స్ బంతి ఇసిరిండు. ఒక్కటంటె ఒక్క హిట్ ఇచ్చిండు, ఒక్క రన్ గూడ ఇయ్యలే. అప్పటికి ఆయనకు 59 ఏండ్లు.

ఆయన పేరు సాచెల్ పేజ్. ఇప్పటికీ అమెరికాల ఆయన ముచ్చటొస్తే ముందుగాల వయసు మీద జోకులే ఏస్తరు. జోకులు ఆయన గూడ ఏసేటోడు, పుట్టిన తారీఖు అడిగితే తీరుతీరుగ చెప్పి ఆడుకునేటోడు. నాకైతే ఆ నవ్వు కింద ఒక దొంగతనం కనిపిస్తది.

బేస్‌బాల్ మన ఊళ్లల్ల ఆడరు. మన లెక్కల చెప్పాల్నంటే పిచ్చర్ అంటే మన బౌలరే. ఆట మొదలువెట్టిన పిచ్చరే, చేతనైనంత సేపు ఒక్కడే ఇసురుతడు. ఆయన చెయ్యి అలిసినప్పుడో, అవతలోళ్లు బాదుతున్నప్పుడో నడిమిట్ల వచ్చి ఆటను నిలవెట్టెటోడే రిలీఫ్ పిచ్చర్. ఆపతిల ఉన్నప్పుడే ఆయన్ను పిలుస్తరు. గెలిస్తే పేరు మొదలువెట్టినోనికి పోతది, ఓడితే తిట్లు ఆఖర్ల వచ్చినోనికి పడతయి. పెద్ద లీగుల పేజ్‌కు దొరికింది ఎక్కువ శాతం ఈ పనే.

1906 జులై 7న అలబామా రాష్ట్రంల మొబీల్ పట్నంల పుట్టిండు. తల్లి లూలా మంది బట్టలుతికి పిల్లలను సాదింది. పిల్లలు డజన్ దాక ఉండిరి. రైల్వే స్టేషన్ కాడ ప్రయాణికుల సంచులు మోస్తుంటే, సంచి అనే అర్థంల సాచెల్ అన్న పేరు పడ్డదని ఆయన చెప్పుకునేది. కాదు, సంచి కొట్టేయబోయి దొరికితే పడ్డదని చిన్ననాటి దోస్తు చెప్పేటోడు. 12 ఏండ్లప్పుడు చిల్లర దొంగతనం, బడి ఎగ్గొట్టుడు కింద పట్టుకపోయి మౌంట్ మీగ్స్‌ల నల్లజాతి పిల్లల సంస్కరణ బడిల ఏసిన్రు. ఐదేండ్లకు పైన అండ్లనే ఉన్నడు. బంతి ఇసురుడు అక్కడనే నేర్చుకున్నడు. కొంతమంది దీన్ని అదృష్టం లెక్క రాస్తరు. చిల్లర దొంగతనానికి ఐదేండ్లు మూసిపెట్టుడు నాకు అదృష్టం లెక్క కనవడదు.

1926ల చాటనూగా టీంల పైసలకు ఆడుడు మొదలువెట్టిండు. అప్పటికి పెద్ద లీగులల్ల నల్లోళ్లను రానియ్యకుండ నలభై ఏండ్ల సంది ఆపుతున్నరు. రూల్ బుక్కుల ఒక్క అక్షరం ఉండకపోయేది. ఓనర్లంత లోపల్లోపల కూడబలుక్కున్నరు, అంతే. మన హోటళ్లల్ల రెండు గ్లాసుల పద్ధతి మాత్రం ఏ కాయితం మీద రాసి ఉండె?

అందుకే నల్లోళ్లు తమ లీగులు తామే పెట్టుకున్నరు. అప్పటి మాటల వాటిని నీగ్రో లీగ్స్ అనేటోళ్లు. పేజ్ బర్మింగ్‌హామ్‌ల ఆడిండు, పిట్స్‌బర్గ్‌ల ఆడిండు, నార్త్ డకోటా చలిల బిస్మార్క్ అనే ఊరికి పోయి తెల్లోళ్లతోని కలిసి ఆడిండు. ఎండకాలం ఒక దేశం, చలికాలం ఒక దేశం. మైదానంల చప్పట్లు కొట్టిన ఊళ్లెనే రాత్రికి హోటల్ల రూం ఇయ్యకపోయేది, తిండి గూడ దొరకకపోయేది. ఎవలు పైసలెక్కువిస్తే అటు పోయేటోడు, కాంట్రాక్టులు ఇడిసిపెట్టి పోయేటోడు. దీనికి ఆయన్ను తిట్టినోళ్లు మస్తుమంది. కూలి ఎక్కువ దొరికిన కాడికి పోయెటోన్ని నేనైతే తిట్టలేను. కానీ 1937ల డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహీయో పేరు మీదున్న టీంకు ఆడిండు చూడున్రి, అది మాత్రం నాకు మింగుడు వడదు. గ్రౌండు సుట్టు తుపాకులోళ్ల నడుమ గెలిచి బయటవడ్డరు.

మరుసటేడు మెక్సికోల ఆయన చెయ్యి సచ్చువడ్డది. బంతి ఇసురుడు కాదు, చెయ్యి లేపుడే కష్టమయ్యింది. అన్ని టీములు మొఖం తిప్పుకున్నయి. కాన్సాస్ సిటీ మోనార్క్స్ ఓనర్ విల్కిన్సన్ ఒక్కడు పిలిచి, ఊరూరు తిరిగే తన రెండో టీంల పెట్టుకున్నడు. చూసెటోళ్లు పేరు చూసి వస్తరు గదా అని. మెల్లమెల్లగ చెయ్యి తిరిగొచ్చింది. 1942ల మోనార్క్స్ నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది.

అదే మోనార్క్స్‌ల 1945ల జాకీ రాబిన్సన్ ఆడిండు. పేజ్ కంటే పదమూడేండ్లు చిన్న. 1947ల పెద్ద లీగు తలుపు రాబిన్సన్‌కు తెరిచిన్రు. ఇరవై ఏండ్లు ఆ తలుపు ముంగట నిలవడ్డోడు పేజ్. ఆయనకు మనసుల కష్టమైంది. ఎవలికైనా కాదా?

ఏడాదైనంక, 1948 జులై 7న, 42వ పుట్టినరోజు నాడు, క్లీవ్‌లాండ్ ఓనర్ బిల్ వీక్ పేజ్‌ను తీసుకున్నడు. ఇది ఆట కాదు, ప్రచారం కోసం ఏసిన డ్రామా అని పెద్ద ఆటల పత్రిక రాసింది. రెండు రోజులకే రిలీఫ్ పిచ్చర్‌గ దిగిండు. పెద్ద లీగుల అంత వయసుల మొదలువెట్టినోడు ఇయ్యాల్టిదాక లేడు. సీజన్ అయ్యేటాళ్లకు ఆరు గెలుపులు, ఒక్క ఓటమి. ఆగస్టు 20న ఆయన ఇసురుతుంటే చూసేతందుకు 78,382 మంది వచ్చిన్రు. ఆ ఏడు క్లీవ్‌లాండే చాంపియన్.

1949 అయినంక ఇడిసిపెట్టిన్రు. 1951ల బిల్ వీక్ సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌ను కొని మళ్ల పిలిచిండు. బ్రౌన్స్ అంటే ఎప్పుడు ఓడే టీం. 1952ల మొత్తం 64 మ్యాచులు గెలిస్తే అండ్ల 12 పేజ్ ఖాతాలవి. 46 సార్లు దిగిండు, అండ్ల 40 సార్లు రిలీఫ్‌కే. ఆగస్టుల ఒకనాడు ఆటను తనే మొదలువెట్టి, డెట్రాయిట్ మీద 12 ఇన్నింగ్స్ ఒక్కడే ఇసిరి, ఒక్క రన్ ఇయ్యకుండ 1-0తోని గెలిపిచ్చిండు. 46 ఏండ్ల వయసుల. జర ఆలోచించున్రి, 46ల ఇట్లుంటే 26ల ఎట్లుండె? ఆ ఇరవై ఏండ్ల లెక్కలు సగం ఎక్కడ రాసిపెట్టలేదు.

1953 అయినంక మళ్ల తిరుగుడే, చిన్న లీగులు, ఊరూరి మ్యాచులు. 1965ల ఆ ఊగుడు కుర్చీ.

ఇగ అసలు ముచ్చట. అప్పట్ల పెద్ద లీగుల ఐదేండ్లు లెక్కకొస్తే పెన్షన్ వచ్చేది. పేజ్‌కు 158 రోజులు తక్కువ పడ్డయి. నలభై ఏండ్లు బంతి ఇసిరినోనికి 158 రోజులు! రానియ్యని ఏండ్లు ఎవలూ లెక్కల ఏసుకోలే, తక్కువ పడ్డ రోజులు మాత్రం ఒక్కటొక్కటి లెక్కవెట్టిన్రు. మన దిక్కు కాంట్రాక్టు పనిల ఉన్నోళ్లకు ఈ లెక్క ఇడమరిచి చెప్పే పనిలేదు. మిగతా టీములు ఒద్దన్నయి. 1968ల అట్లాంటా బ్రేవ్స్ ఓనర్ బార్తొలొమే ఆయన పేరును టీంల రాయించి ఆ రోజులు నింపిండు. అప్పటికి పేజ్‌కు 62 ఏండ్లు.

1971ల బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు తీసుకున్నరు. నీగ్రో లీగ్స్ ఆటగాళ్ల లెక్కన పోయిన మొట్టమొదటాయన. ముందుగాలైతే వాళ్ల కోసం పక్కకు వేరే విభాగం పెడ్తమన్నరు. జనం గొల్లుమంటే వెనుకకు తగ్గి అందరి నడుమనే పెట్టిన్రు. 1982 జూన్ 8న కాన్సాస్ సిటీల చనిపోయిండు. నీగ్రో లీగ్స్‌ల ఆడినయి గూడ పెద్ద లీగు ఆటలే అని అమెరికా బేస్‌బాల్ పెద్దలు 2020 డిసెంబర్‌ల ఒప్పుకున్నరు.