కారు శిల్పి అలెక్ ఇసిగోనిస్

గణితమున మూడు మారులు తప్పిన విద్యార్థి యంత్రనిర్మాణమున జగత్ప్రఖ్యాతి గడించునని ఏ ఉపాధ్యాయుడు ఊహింపగలడు? సర్ అలెక్ ఇసిగోనిస్ జీవితము అట్టిది.

ఆయన 1906లో ఆసియా మైనరునందలి స్మిర్నా నగరమున జన్మించెను. నేడు దానిని ఇజ్మిర్ అందురు. తండ్రి గ్రీకు సంతతివాడైన బ్రిటిషు పౌరుడు. తల్లి జర్మను వంశజురాలు. 1922లో యుద్ధము ఆ నగరమును కబళింపగా కుటుంబము సర్వస్వమును విడిచి మాల్టా ద్వీపము చేరెను. తండ్రి అచ్చటనే కన్నుమూసెను. మరుసటి సంవత్సరము తల్లీకొడుకులు ఇంగ్లండునకు వచ్చిరి.

బాటర్సీ పాలిటెక్నిక్కున గణితము ఆయనకు కొరకరాని కొయ్య అయ్యెను. చిత్రలేఖనమున మాత్రము ఆయనది అందె వేసిన చేయి. 1936లో మోరిస్ సంస్థలో చేరెను. 1948లో వెలువడిన మోరిస్ మైనరు ఆయన సృష్టియే. నమూనా కారు ఇరుకుగా తోచగా, దానిని నిలువున రెండుగా కోయించి, 4 అంగుళములు ఎడము చేయించి, ఆ వెడల్పునే ఖాయపరచెను. చక్రముల ఎడము పెరిగినకొలది బండి మలుపులలో నిలకడగా నుండును. దాని ముందు చక్రములు వేర్వేరుగా లేచి దిగును గనుక, ఒకటి గుంతలో పడినను రెండవది అంతగా చలింపదు.

1956లో సూయజ్ సంక్షోభముచే బ్రిటనున పెట్రోలునకు కరవు వచ్చెను. స్వల్ప ఇంధనముతో నలుగురిని మోయు చిన్న కారు కావలెనని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్ ఆయనను కోరెను. ఆనాటి బ్రిటిషు కార్లలో చాలవరకు ఇంజను ముందుండ, పొడవైన కడ్డీ ద్వారా శక్తి వెనుక చక్రములకు చేరెడిది. ఆ కడ్డీకై లోపల ఎంతో చోటు వ్యర్థమగును. ఇసిగోనిస్ ఇంజనును అడ్డముగా త్రిప్పి, గేరుపెట్టెను దాని క్రిందనే ఇమిడ్చి, ముందు చక్రములకే శక్తి నొసగెను. ఇంజను బరువు నడిపించు చక్రములపైననే పడుటచే వానికి నేలపై మంచి పట్టు చిక్కెను. 10 అంగుళముల చక్రములు నాలుగును నాలుగు మూలలకు జరిగెను. అందుచే కారు మలుపులలో స్టీరింగు మాట చక్కగా వినెను.

ఇంకొక చిక్కు మిగిలెను. తేలిక కారులో నలుగురెక్కినచో మెత్తని స్ప్రింగులు కుంగిపోవును. బిగువైనవి ఒంటరి చోదకుని కుదిపివేయును. మిత్రుడు అలెక్స్ మోల్టన్ ఉక్కు స్ప్రింగులకు మారుగా రబ్బరు శంకువులను రూపొందించెను. బరువు పెరిగినకొలది అవి బిగువెక్కును. ఈ పొందికయే 1959లో విడుదలయిన మినీ. పొడవు సుమారు 3 మీటర్లే. 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో ర్యాలీలో అది తనకంటె బలమైన కార్లను ఓడించెను.

ఆయనయందు లోపములు లేకపోలేదు. తన అభిరుచిపై అతివిశ్వాసము. కొనువారి సౌఖ్యముపై అంతగా దృష్టి లేదు. 1969లో సర్ బిరుదము లభించినను, అప్పటికే సంస్థలో ఆయన మాట చెల్లుట తగ్గెను. 1988లో మరణించెను. మినీ తయారీ 2000 వరకు సాగినది. 1983లో మన దేశమున వెలువడిన మారుతి 800లోను అడ్డపు ఇంజను ముందు చక్రములనే నడపినది.

గణితము అనవసరమని దీని భావము కాదు. ఒక్క పరీక్షాఫలితమును చూచి విద్యార్థి బుద్ధికి హద్దులు గీయరాదని మాత్రమే ఈ జీవితము మనకు తెలుపుచున్నది.